మొదటిసారి వెబినార్‌కి కూర్చునే టీచర్ల కోసం: లింకు వచ్చిన దగ్గర్నుంచి ఫారం నింపేదాకా

రాత్రి ఎనిమిదిన్నరకి మండలం వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు పడుతుంది. రేపు ఉదయం పదకొండు గంటలకి వెబినార్, అంటే ఇంటర్నెట్‌లో జరిగే సెమినార్, అందరూ తప్పక హాజరు కావాలి, కింద నీలం రంగులో ఒక లింకు. తెలిసినవాళ్ళు బొటనవేలు గుర్తు పెడతారు, తెలియనివాళ్ళు కూడా అదే బొటనవేలు పెట్టేసి, ఫోను పక్కన పడేసి, రేపు ఎవర్ని అడగాలిరా బాబూ అనుకుంటూ పడుకుంటారు. ఇది ఆ రెండో రకం వాళ్ళ కోసం రాస్తున్నాను. నేనూ ఆ బ్యాచే.

2020లో బడులు మూసేసినప్పుడు నా మొదటి వెబినార్. జూమ్ అంటే ఫొటో పెద్దది చేసి చూసుకునేదే అనుకునే రోజులు. ఇరవై నిమిషాలు అందరి నోళ్ళూ కదులుతుంటే చూశాను, ఒక్క మాట వినపడలేదు, ఫోను పాడైందనుకున్నాను. ఆ తర్వాత ఏదో నొక్కితే మాట వచ్చింది గానీ దాంతోపాటు నా మైకు కూడా తెరుచుకుంది, అది నాకు తెలియదు. వీధిలోకి తోటకూర బండి వచ్చింది. "పదికి రెండు కట్టలిస్తావా లేదా?" అని గట్టిగా బేరం మొదలుపెట్టాను. పాఠం చెబుతున్న ఆర్‌పీ (శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్) గారు ఒక్క క్షణం ఆగి, "ఇచ్చేయమనండి మేడమ్, అందరం వింటున్నాం" అన్నారు. నూట యాభై మంది టీచర్లు. మా స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే మా చుట్టుపక్కల బడులన్నిట్లో, ఇప్పటికీ నన్ను చూస్తే తోటకూర రేటు అడిగేవాళ్ళున్నారు.

అందుకని ఒక్కొక్కటీ వరసగా చెబుతాను.

ముందు అది ఏ రకమో చూడండి

మన దగ్గర కంప్యూటర్ తెర మీద జరిగే ప్రతిదాన్నీ వెబినార్ అనేస్తున్నాం. నిజానికి అందులో నాలుగు రకాలున్నాయి, ఏది ఏదో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

మొదటిది మామూలు జూమ్ మీటింగ్ లేదా గూగుల్ మీట్. ఇక్కడ మీరు అందరికీ కనపడతారు, వినపడతారు, జాగ్రత్తగా ఉండాల్సింది దీంట్లోనే. రెండోది జూమ్‌లోనే "వెబినార్" అనే పద్ధతి. అందులో మాట్లాడేవాళ్ళే కనిపిస్తారు, మీ ముఖం ఎవరికీ కనపడదు, వాళ్ళు అనుమతిస్తే తప్ప మీ మైకు తెరుచుకోదు. ప్రశ్న అడగాలంటే క్యూ అండ్ ఏ అనే పెట్టెలో టైప్ చేయాలి. మీ బటన్లలో కెమెరా గుర్తు లేకపోతే కంగారు పడకండి, ఫోనుకేం కాలేదు, ఆ పద్ధతే అంత. మూడోది యూట్యూబ్ లైవ్. ఇది టీవీ చూసినట్టే, లుంగీలో కూర్చున్నా ఎవరికీ తెలియదు, ఆలస్యంగా వచ్చినా వెనక్కి జరిపి చూసుకోవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ కార్యక్రమాలు చాలావరకు వాళ్ళ యూట్యూబ్ చానల్లో ఇలాగే వస్తాయి.

నాలుగోది అసలు వెబినారే కాదు, దీక్ష కోర్సు. దీక్ష అంటే బడి చదువుల కోసం ప్రభుత్వం పెట్టిన యాప్. టీచర్లకి కేంద్రం ఇచ్చే నిష్ఠ శిక్షణ 2019 ఆగస్టులో మొదలైనప్పుడు ఎదురెదురుగా కూర్చుని చేసేదే. కరోనా వచ్చాక 2020 అక్టోబరు నుంచి దీక్ష యాప్‌లోకి మారింది, ఎలిమెంటరీ స్థాయికి పద్దెనిమిది మాడ్యూళ్ళు. దాన్ని మీకు వీలైనప్పుడు, గడువు లోపల, ఆగి ఆగి పూర్తి చేసుకోవచ్చు. లింకు నొక్కితే దీక్ష తెరుచుకుందంటే పదకొండు గంటలకే కూర్చోవాల్సిన పని లేదన్నమాట. ఈ తేడా తెలియక మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన సెలవు పెట్టి మరీ ఇంట్లో కూర్చున్నారు, పాపం.

లింకు చూస్తేనే రకం తెలుస్తుంది. అందులో జూమ్ అనో, మీట్ అనో, యూట్యూబ్ అనో ఇంగ్లీషులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఏదీ లేకుండా పిచ్చి పిచ్చి అక్షరాలున్న పొట్టి లింకు అయితే, పంపినవాళ్ళని అడిగాకే నొక్కండి. ఓటీపీ అడిగినా, బ్యాంకు వివరాలు అడిగినా అక్కడితో ఆపేయండి, వెబినార్‌కి వాటితో పనే లేదు. రెండొందలు కట్టండి సర్టిఫికెట్ ఇస్తాం, ప్రమోషన్‌కి పనికొస్తుంది అని ఎవరైనా అంటే ముందు మీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కోండి.

రిజిస్ట్రేషన్ ఉంటే

కొన్నిటికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఫారంలో పేరు, బడి, మెయిల్ ఇస్తే మెయిల్‌కి లింకు వస్తుంది. రాలేదని ఫోన్లు చేసేముందు స్పామ్‌లోనూ ప్రమోషన్స్ అనే చోటా ఒకసారి వెతకండి, నూటికి తొంభైసార్లు అక్కడే నక్కి ఉంటుంది. అలా మెయిల్‌కి వచ్చిన లింకు సాధారణంగా మీ ఒక్కరిదే. స్నేహం కొద్దీ దాన్ని గ్రూపులో పెట్టేస్తే ఇంకొకళ్ళు మీ పేరుతో లోపలికి వెళ్తారు, ఆ తర్వాత మీకు దారి దొరక్కపోవచ్చు.

మెయిల్ అంటే గుర్తొచ్చింది, పాస్‌వర్డ్ గుర్తుందా? మనలో చాలామంది జీమెయిల్‌ని పిల్లలో, నెట్ సెంటర్ అబ్బాయో తెరిచి ఇచ్చారు. వెబినార్ రోజు కాదు, ఇవాళే ఒకసారి తెరిచి చూసుకోండి.

విదేశాల నుంచి జరిగే వాటికైతే టైము సంగతి. ఇంగ్లీషు టీచర్లకి బ్రిటన్ నుంచి మంచి మంచి కార్యక్రమాలు ఉచితంగానే వస్తుంటాయి. పోస్టరు మీద మధ్యాహ్నం 3 గంటలు జీఎంటీ అని ఉంటే మనకి రాత్రి 8:30, అంటే ఐదున్నర గంటలు కలపాలి. అదే బీఎస్‌టీ (వాళ్ళ వేసవి టైము) అని ఉంటే నాలుగున్నర కలిపితే చాలు, 7:30 అవుతుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా వాళ్ళు గడియారం ఒక గంట ముందుకి జరుపుకుంటారు. ఇది తెలియక నేనొకసారి గంట ఆలస్యంగా వెళ్ళి, "థాంక్యూ, బై బై" మాత్రం విని వచ్చాను.

ముందురోజు రాత్రి, పది నిమిషాలు

నన్నడిగితే మొత్తం పనిలో ఇదే ముఖ్యం. వెబినార్‌లో జరిగే ఇబ్బందుల్లో ముప్పాతిక వంతు మొదటి పది నిమిషాల్లోనే జరుగుతాయి, ఆ పది నిమిషాలని ముందురోజు రాత్రికే జరిపేసుకుంటే గొడవ ఉండదు.

యాప్ ఉందో లేదో చూడండి, ఉంటే అప్‌డేట్ చేయండి. జూమ్‌ని ఎన్నాళ్ళో ముట్టుకోకపోతే సరిగ్గా పదకొండు గంటలకి అప్‌డేట్ చేస్తే గానీ రానివ్వనంటుంది. ఫోన్లో ఖాళీ లేక అప్‌డేట్ ఆగిపోతే వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు తీసేయండి, బోలెడంత చోటు దొరుకుతుంది.

తర్వాత బ్రౌజర్‌లో జూమ్ డాట్ యూఎస్ స్లాష్ టెస్ట్ (zoom.us/test) అని ఇంగ్లీషులో కొట్టండి. అది జూమ్ వాళ్ళే పెట్టిన ఉత్తుత్తి మీటింగ్. మీ స్పీకరు పనిచేస్తుందా, మైకు పనిచేస్తుందా అని అదే పరీక్షించి చెబుతుంది, అక్కడ ఎవరూ ఉండరు కాబట్టి ఎన్ని తప్పులు నొక్కినా పర్వాలేదు. మైక్రోఫోను వాడుకోవచ్చా అని ఫోను అడిగితే అనుమతి ఇవ్వండి. ఒకసారి వద్దు అనేస్తే తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్ళి యాప్స్‌లో జూమ్ తెరిచి మార్చుకోవాలి, అది ఆ గందరగోళంలో దొరకదు. గూగుల్ మీట్ అయితే మీరే ఒక మీటింగ్ సృష్టించి, పక్క గదిలో ఉన్న మీ అబ్బాయికో అమ్మాయికో లింకు పంపి మాట్లాడి చూసుకోండి. వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మీ పేరు సరిచేసుకోండి, ఇది తప్పకుండా. మన ఫోన్లలో జూమ్ పేరు చాలాసార్లు ఫోను కంపెనీ పేరుతోనే ఉంటుంది, లేదా ఇంట్లో పిల్లలు ఆన్‌లైన్ క్లాసులప్పుడు పెట్టుకున్నది ఉంటుంది. "శాంసంగ్ గారూ మీరు మాట్లాడండి" అనిపించుకున్న హెచ్ఎంలని చూశాను. "పింకీ ఎయిత్ బీ" అనే పేరుతో హాజరైన ఒక పెద్దాయన హాజరు ఆ రోజు లెక్కలోకి రాలేదు. పేరు, పక్కన బడి పేరు, మండలం పెడితే చాలు. లోపలికి వెళ్ళాక అయినా పార్టిసిపెంట్స్‌లో మీ పేరు మీద నొక్కి రీనేమ్ అంటే మారుతుంది, హోస్ట్, అంటే మీటింగ్ పెట్టినవాళ్ళు, దాన్ని ఆపెయ్యకపోతే.

ఇక డేటా. జూమ్‌లో గంటసేపు వీడియోతో కూర్చుంటే సుమారు ఒక జీబీ దాకా తేలిగ్గా పోతుంది, ఒక్కోసారి ఎక్కువే. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్నవాళ్ళు ఉదయం రీల్స్ చూస్తూ కూర్చుంటే రెండు గంటల సెమినార్ మధ్యలో అయిపోతుంది. ప్యాకు అయిపోయాక చాలా కంపెనీలు ఇచ్చే స్పీడు 64 కేబీపీఎస్, జూమ్‌లో ఒట్టి మాట వినడానికే 60 నుంచి 80 కావాలి. అంటే బొమ్మ రాదు, మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ రోజు మీ కెమెరా ఆపి ఉంచితే కొంత మిగులుతుంది. ఇంట్లో ఇంకొకళ్ళ ఫోను నుంచి హాట్‌స్పాట్ తీసుకోవడం కూడా ముందురోజే ఒకసారి చేసి చూసుకోండి. కరెంటు పోతే వైఫై కూడా పోతుందన్న సంగతి కరెంటు పోయాకే గుర్తొస్తుంది మనకి.

ట్రెజరీ ఐడీ, బడి యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే నంబరు), మెయిల్ అడ్రసు, సర్టిఫికెట్ మీద ఎలా పడాలో అలా ఇంగ్లీషులో మీ పూర్తి పేరు, ఈ నాలుగూ ఫోన్లో నోట్స్‌లో రాసి పెట్టుకోండి, లేదా వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. ఎందుకో చివర్లో చెబుతాను. యూడైస్ కోడ్ 11 అంకెలు, ఆంధ్రప్రదేశ్ బడులది 28తో, తెలంగాణ బడులది 36తో మొదలవుతుంది. ఒక అంకె తగ్గితే అక్కడే దొరికిపోతుంది.

ఎక్కడ కూర్చోవాలి

వంటింట్లో వద్దు. తోటకూర కథ చెప్పాను కదా.

గోడకి వీపు పెట్టి, వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. కిటికీ మీ వెనక ఉంటే నల్లటి నీడ తప్ప ఏమీ కనపడదు. ఫోను చేత్తో పట్టుకుని రెండు గంటలు కూర్చోలేరు, నాలుగు పాఠ్యపుస్తకాలు పేర్చి దానికి ఆనించండి. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, బ్లూటూత్‌వి మధ్యలో చార్జింగ్ అయిపోతాయి. కెమెరా పెట్టమన్నప్పుడు చీర బాగుందా, చొక్కా బాగుందా అన్నది కాదు గానీ, వెనక దండెం మీద ఆరేసిన బట్టలు ఒకసారి చూసుకోండి. బడిలో ఉండి హాజరవుతుంటే స్టాఫ్‌రూమ్ కంటే ల్యాబ్ నయం, ఎందుకంటే స్టాఫ్‌రూమ్‌లో మీరు వినేది మీరు కోరుకున్నది కాదు.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట చెప్పండి. "పదకొండు నుంచి పన్నెండున్నర దాకా నేను ఇంట్లో లేననుకోండి." ఆడవాళ్ళకి ఇది చెప్పడం తేలిక, జరగడం కష్టం, నాకు తెలుసు. మా ఇంట్లో తలుపుకి కాగితం అంటించాక గానీ కుదరలేదు.

లోపలికి వెళ్ళడం

పదిహేను నిమిషాల ముందే లింకు నొక్కండి. మీటింగ్ ఐడీ, పాస్‌కోడ్ విడిగా ఇచ్చి ఉంటే జూమ్ తెరిచి జాయిన్ అన్నచోట ఐడీ కొట్టాలి. పాస్‌కోడ్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటుంది, చూసి కొట్టేకంటే కాపీ చేసి అతికించడం మేలు. హోస్ట్ లోపలికి అనుమతిస్తారు అన్న అర్థంలో ఏదో ఇంగ్లీషు వాక్యం వచ్చి ఆగిపోతే అది వెయిటింగ్ రూమ్, డాక్టరు గారి బయట బల్ల లాంటిది. బయటికి వచ్చి మళ్ళీ నొక్కి మళ్ళీ వచ్చి చేయకండి, వరసలో మీ వంతు మళ్ళీ మొదటికి వస్తుంది. కూర్చోండి, పిలుస్తారు.

లోపలికి వెళ్ళగానే ఆడియో ఎలా అని అడుగుతుంది. వైఫై లేదా సెల్యులార్ డేటా అన్నది నొక్కాలి. నా మొదటిరోజు ఇరవై నిమిషాల మౌనానికి కారణం ఇదే, నేను దాన్ని ఏదో ప్రకటన అనుకుని మూసేశాను. మీరూ మూసేస్తే తెర మీద ఓ మూల హెడ్‌ఫోన్ గుర్తుతో జాయిన్ ఆడియో అని ఉంటుంది, అది నొక్కండి. అప్పుడు అదే చోట మైకు బొమ్మ వస్తుంది. దాని మీద ఎర్రగీత ఉంటే మీ మాట ఎవరికీ వినపడదు. గీత లేకపోతే మీ ఇంటి కుక్కర్ విజిల్ కూడా జిల్లా అంతా వింటుంది. ఈ ఒక్క గీత గుర్తుపెట్టుకుంటే నేను రాసినదాంట్లో సగం మర్చిపోయినా పర్వాలేదు.

లాప్‌టాప్ ఉన్నవాళ్ళకి: జూమ్‌లో మైకు తెరవడానికి, మూయడానికి ఆల్ట్, ఏ కలిపి నొక్కాలి, మీట్‌లో అయితే కంట్రోల్, డీ. జూమ్‌లో మ్యూట్‌లో ఉండగానే స్పేస్‌బార్ నొక్కి పట్టుకుంటే మాట్లాడవచ్చు, వదిలితే మళ్ళీ మూసుకుంటుంది. "నమస్తే సర్, వినపడుతోంది సర్" అనడానికి అది భలే ఉంటుంది.

ఫోన్లో హాజరవుతుంటే ఒక చిక్కుంది. మధ్యలో కాల్ వస్తే వెబినార్ మాట ఆగిపోతుంది, కాల్ అయ్యాక కూడా ఒక్కోసారి తిరిగి రాదు. డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోండి. మరీ ముఖ్యమైనవాళ్ళ నంబరు ఒకటి రెండు దాంట్లో మినహాయింపు ఇవ్వొచ్చు.

వింటున్నప్పుడు

అరగంట దాకా అందరూ ఒకరికొకరు నమస్కారాలు చెప్పుకుంటారు, చాట్ నిండా గుడ్ మార్నింగ్‌లు. మీరూ ఒకసారి చెప్పండి, చాలు. చాట్‌లో టైప్ చేసేటప్పుడు పైన ఎవరికి అన్నది చూసుకోండి. ఎవ్రీవన్ అని ఉంటే అందరికీ వెళ్తుంది. "ఈయన ఎప్పుడు ఆపుతాడో" అని పక్క మండలం స్నేహితురాలికి పంపబోయి ఆయనకే చూపించిన ఘనులున్నారు.

ప్రతి స్లైడుకీ స్క్రీన్‌షాట్ తీయకండి. నేను ఒక వెబినార్‌లో నలభై రెండు తీశాను, ఈరోజు దాకా ఒక్కటీ తెరిచి చూడలేదు. పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి. చెప్పిందంతా కాదు, మీ క్లాసుకి పనికొచ్చేది మాత్రం రాయండి, అది కూడా ఏ క్లాసులో ఏ పాఠానికో పక్కనే రాయండి. "7బీ, పూర్ణసంఖ్యలు, అప్పు-జమ ఆట" అని నేను రాసుకున్న మూడు ముక్కలు వారం తర్వాత కూడా పనికొచ్చాయి.

మాట్లాడేవారి ఇంగ్లీషు యాస అర్థంకాకపోతే సీసీ అనే గుర్తు ఉందేమో చూడండి, నొక్కితే మాటలు కింద అక్షరాలుగా వస్తాయి. మీట్‌లో ఉంటుంది, జూమ్‌లో హోస్ట్ అనుమతిస్తే వస్తుంది. తప్పులు వస్తాయి, ముఖ్యంగా మన ఊళ్ళ పేర్లని అది చిత్రవధ చేస్తుంది, కానీ విషయం అందుతుంది.

ప్రశ్న అడగడం

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన టీచర్లం పిల్లలని ప్రశ్నలడగమని రోజూ సతాయిస్తాం, మనకి మైకు ఇస్తే మాత్రం "చాలా బాగా చెప్పారు సర్, థాంక్యూ సర్" అని దిగిపోతాం. ఎందుకంటే తప్పుగా అడిగితే ఏమనుకుంటారో అన్న భయం, పైగా అవతల మన పై ఆఫీసర్లు కూడా వింటుంటారు.

వెబినార్‌కి కూర్చునే ముందే మీ క్లాసులో నిజంగా మిమ్మల్ని వేధిస్తున్న ఒక్క సమస్య పట్టుకుని వెళ్ళండి. "భిన్నాలు ఎలా చెప్పాలి సర్?" అని అడిగితే ఆయన మళ్ళీ స్లైడ్లు మొదటి నుంచి చెబుతారు. అదే ఇలా అడిగి చూడండి: "మా 6వ తరగతిలో 1/2 + 1/3 అంటే 2/5 అని రాస్తున్నారు, పైవి పైవి కలిపి, కిందవి కిందవి కలిపేస్తున్నారు. కాగితం మడిచి చూపించాను, ఆ రోజుకి అర్థమవుతోంది, వారానికి మళ్ళీ అదే తప్పు. ఇంకేం చేయొచ్చు?" ఇలాంటి ప్రశ్నకి స్లైడ్లలో జవాబు దొరకదు, ఆయన కాసేపు ఆలోచించాలి. నేను అచ్చంగా ఇదే అడిగాను. అరకంటే ఐదింట రెండు (2/5) చిన్నది కదా, అరకి ఇంకొంచెం కలిపితే అర కంటే తగ్గుతుందా అని పిల్లలనే అడగమన్నారు. ముందు లెక్క చేయించకుండా, జవాబు అర కంటే ఎక్కువ రావాలా తక్కువ రావాలా అని ఊహించమనాలట. అది నాకు ఇరవై ఏళ్ళ సర్వీసులో తట్టలేదు, ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఏ తరగతి, పిల్లలు ఏం చేస్తున్నారు, మీరు ఏం ప్రయత్నించారు, ఎక్కడ ఆగిపోయింది, ఇవి ఉంటే చాలు. ముందే నోట్స్‌లో టైప్ చేసి పెట్టుకుని ప్రశ్నల సమయం రాగానే అతికించండి, అప్పటికప్పుడు టైప్ చేస్తుంటే చాట్ పరుగెత్తిపోతుంది. తెలుగులో టైపింగ్ రాకపోతే కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి తెలుగులో చెబితే అదే రాస్తుంది, పంపేముందు మాత్రం చదవండి. ఆ సమయంలో వెబినార్ మైకు మూసి ఉండాలని వేరే చెప్పాలా!

నోటితో అడగాలనుకుంటే చెయ్యి ఎత్తే గుర్తు నొక్కండి, పిలిచినప్పుడు పేరు, ఊరు చెప్పి నేరుగా ప్రశ్నలోకి రండి. అయిపోగానే చెయ్యి దించి, మైకు మూయండి. చాలామంది చెయ్యి ఎత్తి వదిలేస్తారు, గంటసేపు అలాగే ఉంటుంది, కండక్టర్ని పిలుస్తున్నట్టు.

మధ్యలో తెగిపోతే

తెగిపోతుంది. మళ్ళీ అదే లింకు నొక్కండి, ఎవరికీ క్షమాపణలు చెప్పనక్కర్లేదు. మాట తెగి తెగి వస్తుంటే ముందు మీ కెమెరా ఆపండి, తర్వాత వెనక నడుస్తున్న మిగతా యాప్‌లు మూయండి, అప్పటికీ కాకపోతే గది మారండి. మా ఇంట్లో సిగ్నలు మెట్ల మీదే బాగుంటుంది, ఎన్నో సెమినార్లు మెట్ల మీదే అయ్యాయి. నలభై నిమిషాలకి అందరూ ఒక్కసారిగా బయటపడితే అది మీ తప్పు కాదు, పెట్టినవాళ్ళది జూమ్ ఉచిత ఖాతా, దాని హద్దు అంతే. మామూలుగా అదే లింకుతో మళ్ళీ కలుస్తారు, గ్రూపు చూస్తూ ఉండండి.

ఫారం అనే పరుగుపందెం

చివరి పది నిమిషాల్లో చాట్‌లో ఒక గూగుల్ ఫారం లింకు పెడతారు. హాజరు, అభిప్రాయం, సర్టిఫికెట్, అన్నీ దాంట్లోనే. జూమ్‌లో రెండు సంగతులు గుర్తుంచుకోండి. మీరు లోపలికి రాకముందు చాట్‌లో పడినవి సాధారణంగా మీకు కనపడవు, మీటింగ్ ముగిస్తే మామూలుగా చాట్ మాయమవుతుంది. కాబట్టి లింకు పడగానే వేలు పెట్టి నొక్కి పట్టి కాపీ చేసుకుని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి, ఆ తర్వాత నింపండి. యూట్యూబ్ అయితే వీడియో కింద వివరాల్లో కూడా సాధారణంగా పెడతారు.

ఇప్పుడు ఆ నోట్స్ బయటికి తీయండి. అందరూ బీరువాలో సర్వీసు రిజిస్టరు జిరాక్సు వెతుకుతుంటే మీరు రెండు నిమిషాల్లో నింపేస్తారు. పేరు దగ్గర తొందర పడకండి, సర్టిఫికెట్‌ని యంత్రమే తయారుచేస్తుంది, మీరు ఇంటిపేరులో ఒక అక్షరం మింగితే అదీ మింగుతుంది. నా దగ్గర పూర్తిగా చిన్నక్షరాలతో, చివర ఒక కామాతో సహా అచ్చయిన సర్టిఫికెట్ ఒకటుంది. మెయిల్ అడ్రసులో జీమెయిల్ పక్కన డాట్ మర్చిపోయినవాళ్ళకి అసలు రానే రాదు. అంతా అయ్యాక వచ్చే "మీ స్పందన నమోదైంది" పేజీని ఒక్కదాన్ని మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకోండి, హాజరు కాలేదని ఎవరైనా అంటే చూపించడానికి అదే ఆధారం. సర్టిఫికెట్‌కి కొద్దిరోజులు పట్టవచ్చు, మర్నాడే అడగకండి.

సర్టిఫికెట్ల సరదా గురించి నా అభిప్రాయం ఒకటి చెప్పి పోతాను. లాక్‌డౌన్‌లో రోజుకి మూడు వెబినార్లకి లాగిన్ అయి, ఫోను చార్జింగ్‌లో పెట్టి, కూరలు తరుక్కుని, చివర్లో ఫారం నింపినవాళ్ళం ఉన్నాం. స్టేటస్‌లో వరసగా సర్టిఫికెట్లు. జాతీయ విద్యా విధానం 2020 టీచరు ఏడాదికి కనీసం యాభై గంటలు వృత్తిపరమైన శిక్షణలో పాల్గొనాలంటోంది, అంటే వారానికి గంట కూడా కాదు. దానికోసం దొరికిందల్లా ఎక్కాల్సిన పని లేదు. నెలకి రెండు, మీ సబ్జెక్టువి, ఎంచుకుని పూర్తిగా కూర్చోండి.

ఆ సాయంత్రం, ఆ తర్వాత

కాగితం మీద రాసుకున్నవాటిలో ఒక్కదానికి గుండ్రం చుట్టి ఈ వారంలోనే ఏదో ఒక క్లాసులో చేసి చూడండి. పారితే పారుతుంది, లేకపోతే ఎక్కడ పారలేదో పక్కన రాయండి, తర్వాతి వెబినార్‌కి అదే మీ ప్రశ్న. నా అప్పు-జమ ఆట మొదటిసారి గోలగోలగా అయింది, అందరూ అప్పులే తీసుకున్నారు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అదే చెప్పాను, పక్క బడి మాస్టారు చీటీలకి రంగులు పెట్టమన్నారు, అప్పుడు కుదిరింది.

రికార్డింగ్ లింకు ఇస్తే దాచుకోండి, కొన్నిటికి గడువు ఉంటుంది. మొత్తం మళ్ళీ చూడరు, చూస్తానని నాతో అనకండి, అర్థంకాని ఆ ఐదు నిమిషాలు ఎన్నో నిమిషం దగ్గరున్నాయో కాగితం మీద రాసి ఉంటే అదొక్కటే చూడొచ్చు.

మీ స్టాఫ్‌రూమ్‌లో ఇంకా జూమ్ ముట్టుకోని వాళ్ళు ఒకరైనా ఉంటారు, బహుశా రిటైర్మెంట్‌కి రెండేళ్ళున్న ఏ తెలుగు పండిట్ గారో. తర్వాతిసారి ఆయన పక్కన కూర్చోండి. ఫోను లాక్కుని మీరే నొక్కేయకండి, ఆయన వేలితోనే నొక్కించండి. అలా ఒకే గదిలో ఇద్దరూ రెండు ఫోన్లు పెట్టుకుంటే ఒకదాంట్లోంచి వచ్చిన మాట ఇంకొకదాని మైకులోకి దూరి కీచుమని ఒకటే మోత వస్తుంది, అందుకని ఒక ఫోన్లోనే శబ్దం ఉంచి రెండోదానికి మైకు, స్పీకరు రెండూ కట్టేయండి, హాజరు మాత్రం ఇద్దరిదీ పడుతుంది.